స్క్రీన్ మీద ఎమల్షన్ ఎంత మందం పూయాలి, ఎలా కొలవాలి

ఒక పెళ్లి కార్డు తీసుకుని అందులో "లక్ష్మి" అన్న పేరు ఎక్కడుందో చూడండి. కింద వేలాడే మ ఒత్తు కడుపు తెరుచుకుని ఉందా, సిరా నిండి చుక్కలా మారిపోయిందా? తర్వాత "ల" గుండ్రం అంచు చూడండి. నున్నగా తిరిగిందా, రంపం పళ్లలా మెట్లు మెట్లుగా ఉందా? స్క్రీన్ ప్రింటింగ్‌లో స్క్రీన్ అంటే ఫ్రేముకి బిగించిన సన్న జల్లెడ బట్ట, ఆ బట్టే మెష్. దాని మీద పూసే, కాంతి తగిలితే గట్టిపడే పూత ఎమల్షన్. అక్షరాలున్న చోట అది కడిగితే పోతుంది, ఆ ఖాళీల్లోంచే ఇంకు కార్డు మీదకి దిగుతుంది. పైన చెప్పిన రెండూ చూస్తే ఆ స్క్రీన్ మీద ఎమల్షన్ ఎక్కువైందో తక్కువైందో చాలావరకు పట్టేయొచ్చు.

ఇది మన లిపికి మరీ ముఖ్యం. తెలుగు అక్షరాలు దాదాపు అన్నీ వంపులే. మెష్ దారాలేమో నిలువుగా, అడ్డంగా తిన్నగా ఉంటాయి. వంపు తిరిగే గీత ఆ దారాలను ప్రతి కోణంలోనూ దాటుకుంటూ పోతుంది కాబట్టి పూతలో ఉన్న లోపం మన అక్షరంలో ఎక్కడో ఒకచోట బయటపడకుండా ఉండదు. పైగా ఒత్తులు, గుడులు, సున్నాలు, క్షుణ్ణంగా చూస్తే తప్ప కనిపించని చిన్న చిన్న ఖాళీలు. నేను పని నేర్చుకునే రోజుల్లో "ఎమల్షన్ దిట్టంగా పుయ్యి, స్క్రీన్ ఎక్కువ కాలం ఆగుతుంది" అని చెప్పేవారు. అలాగే రెండు వైపులా మూడేసి చేతులు (ఒక చేయి అంటే ఒకసారి లాగిన పూత) పూసి శుభలేఖలు వేశాను. పేర్లలోని ఒత్తులన్నీ పూడుకుపోయాయి. ఇంకు పలచన చేశాను, ఇంకు లాగే రబ్బరు పట్టీ స్క్వీజీని మార్చాను, అక్షరాలు నల్లగా ఉన్న పారదర్శక ఫిల్మ్, అంటే పాజిటివ్, మళ్లీ తీయించాను. తప్పు పూత మందంలో ఉందని ఎవరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు. కార్డులు తిరిగి కొని మళ్లీ వేయాల్సి వచ్చింది. మీకు ఆ ఖర్చు తగలకూడదని ఈ వివరమంతా రాస్తున్నాను.

ముందు ఆ మందం చేసే పని ఏమిటో చూద్దాం

ఇంటి ముందు ముగ్గు వేయడానికి కన్నాల అచ్చు వాడతారు కదా. నున్నటి గచ్చు మీద దాన్ని ఆనించి పిండి పోస్తే ముగ్గు గీత తీర్చినట్టు వస్తుంది. అదే ఎగుడుదిగుడు నేల మీద పెడితే అచ్చుకీ నేలకీ మధ్య సందుల్లోంచి పిండి పక్కకి జారుతుంది. స్క్రీన్‌లో జరిగేదీ అదే, కాకపోతే ఇక్కడ ఎగుడుదిగుడు నేలలో కాదు, మెష్‌లోనే ఉంటుంది. దారం మీద దారం ఎక్కి నేసిన బట్ట కాబట్టి ప్రతి అల్లిక దగ్గరా ఒక గుబ్బ. ఎమల్షన్ ఆ గుబ్బలను పూర్తిగా కప్పి, వాటికంటే కొంచెం కిందికి దిగితేనే కాగితానికో బట్టకో సమంగా ఆనుతుంది. అలా మెష్ దాటి ప్రింట్ వైపు, అంటే కాగితానికి ఆనే వైపు, మిగిలిన పూతనే పనివాళ్లు ఈవోఎం అంటారు, అంటే మెష్ పైన మిగిలిన ఎమల్షన్ మందం. ఈ వ్యాసంలో మందం అన్నప్పుడల్లా దీన్నే అనుకోండి. మెష్ లోపల ఇరుక్కున్న ఎమల్షన్ ఈ లెక్కలోకి రాదు.

ఇది తక్కువైతే గుబ్బలు బయటకి తేలి, వాటి పక్క సందుల్లోకి ఇంకు పాకుతుంది. గీత అంచు దారాల వెంట మెట్లు కడుతుంది.

ఎక్కువైతే జరిగేది ఇంకొంచెం లెక్కగా చూడాలి. 0.1 మిల్లీమీటర్ వెడల్పున్న సన్న గీత అనుకోండి, అంటే 100 మైక్రాన్లు. దాని కింద మెష్ దాటి 40 మైక్రాన్ల పూత ఉందంటే గీతకి రెండు పక్కలా 40, 40 కలిపి 80 మైక్రాన్ల గోడ. ఇంకు కాగితాన్ని పట్టుకునే చోటు 100, గోడలు ఇంకుని పట్టుకునే చోటు 80. స్క్రీన్ పైకి లేచేటప్పుడు కాగితం ఒకవైపు లాగుతుంది, గోడలూ, పైనున్న దారాలూ మరోవైపు లాగుతాయి. కొంత ఇంకు గాడిలోనే ఉండిపోతుంది. పది ప్రింట్లు వేసేసరికి అది ఆరి గట్టిపడుతుంది, గీత తెగిపోతుంది. అదే పూత 6 మైక్రాన్లయితే గోడలు మొత్తం 12 మాత్రమే. ఇంకు హాయిగా కాగితం మీదకి దిగిపోతుంది. మరి ఒత్తు ఎందుకు పూడుతుంది? గాడి లోతుగా ఉంది కాబట్టి సన్న గీతలో ఇంకు రాలేదని ప్రింటరు స్క్వీజీ గట్టిగా నొక్కుతాడు, ఇంకోసారి లాగుతాడు. అప్పుడు కొద్దిగా పెద్ద గాడుల్లోంచి అవసరానికి మించి ఇంకు దిగి పక్కకి పరుచుకుంటుంది. నా శుభలేఖల్లో జరిగింది అచ్చం ఇదే.

ఇంకో అపోహ ఇక్కడే తీర్చేయాలి. నల్ల టీషర్టు మీద తెలుపు బాగా కప్పాలంటే ఎమల్షన్ మందంగా పూయాలని చాలామంది నమ్ముతారు. సన్న గీతలకీ, చిన్న అక్షరాలకీ అది కొంతవరకు నిజమే. అరచేతి వెడల్పున ఖాళీ లేకుండా పరిచే రంగుకి, అంటే పరుపు రంగుకి, మాత్రం పనికిరాదు. అంత పెద్ద ఖాళీలో స్క్వీజీ మెష్‌ని కిందికి వంచి బట్టకే ఆనిస్తుంది. అక్కడ ఎంత ఇంకు దిగాలో మెష్ నిర్ణయిస్తుంది, పూత కాదు. పూత మందం ప్రభావం అంచుల దగ్గర మాత్రమే మిగిలి, డిజైన్ చుట్టూ గట్టు కట్టినట్టు ఇంకు లేస్తుంది. నడుమ కప్పు తక్కువ, అంచున గట్టు. పెద్ద పరుపుకి ఇంకు ఎక్కువ కావాలంటే మెష్ మార్చండి. సెంటీమీటరుకి 43 దారాలు, ఒక్కో దారం 80 మైక్రాన్లు ఉన్న మెష్ లెక్క ప్రకారం చదరపు మీటరుకి దాదాపు 55 ఘన సెంటీమీటర్ల ఇంకు పట్టుకోగలదు. 120 దారాలు, 34 మైక్రాన్ల మెష్‌కి అది దాదాపు 19. ఇంత తేడా ఏ ఎమల్షన్ పూతా తేలేదు.

పనిని బట్టి మెష్, మెష్‌ని బట్టి అంకె

మన షాపుల్లో మెష్‌ని ఇప్పటికీ బోల్టింగ్ క్లాత్ అంటాం. పిండి జల్లించడానికి మిల్లుల్లో వాడిన పట్టు బట్ట పేరది. తర్వాత నైలాన్, పాలియెస్టర్ వచ్చినా పేరు మాత్రం అంటుకుని ఉండిపోయింది. కొనేటప్పుడు నంబరు సెంటీమీటరుకా, అంగుళానికా అని తప్పకుండా అడగండి. సెంటీమీటరు లెక్కని 2.54తో గుణిస్తే అంగుళం లెక్క వస్తుంది. 43 అంటే దాదాపు 110, 120 అంటే దాదాపు 305. ఈ రెండు లెక్కలూ కలగాపులగం చేసుకుని తప్పు మెష్ తెచ్చుకున్నవాళ్లని చాలామందిని చూశాను. దారం మందం కూడా అడగాలి. ఒకే నంబరులో సన్న దారం, లావు దారం రెండూ దొరుకుతాయి.

పూత మందాన్ని మెష్ బట్ట మందంలో శాతంగా చూసుకోవడం మంచి పద్ధతి. మామూలు టీషర్టు పనికి, ప్లాస్టిసాల్ ఇంకుకి (వేడి చేస్తే గట్టిపడే ప్లాస్టిక్ ఇంకు), 15 నుంచి 20 శాతం. పైన చెప్పిన 43 మెష్ బట్ట దాదాపు 130 మైక్రాన్ల మందం ఉంటుంది కాబట్టి 20 నుంచి 26 మైక్రాన్లు. ఫొటోలకి చుక్కల హాఫ్‌టోన్ వేసేటప్పుడు 90 నుంచి 120 మెష్ మీద 10 శాతం చాలు, అంటే 6 నుంచి 8 మైక్రాన్లు. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, స్టిక్కర్లకీ దాదాపు అంతే. యూవీ ఇంకు, అంటే అతినీలలోహిత కాంతికి గట్టిపడే ఇంకు, అయితే ఇంకా తగ్గించి 4, 5 దగ్గర ఆపండి. సాల్వెంట్ ఇంకులో సగానికి పైగా ఆవిరైపోతుంది, ఆరాక పొర పలచబడుతుంది. యూవీ ఇంకులో ఆవిరయ్యేది దాదాపు ఏమీ ఉండదు, తడిగా ఎంత దిగిందో అంతా అక్కడే ఉండిపోతుంది. వేలికి తగిలేలా ఉబ్బెత్తు ప్రింటు కావాలంటే అది వేరే పని. 200 నుంచి 400 మైక్రాన్ల మందపు ఫిల్మ్ దొరుకుతుంది, అదే అతికించుకోవాలి. చేత్తో అంత మందం పూయాలని చూడకండి.

బంగారు రంగు, మెరుపు ఇంకులు వాడేవాళ్లకి ఒక మాట. అందులోని రేణువు కంటే మెష్ కన్నం కనీసం మూడు రెట్లు ఉండాలి. లేకపోతే మీరు పూత మందం ఎంత సరిచేసినా ఇంకు దిగదు, తప్పంతా ఎమల్షన్ మీదకి పోతుంది.

కొలిచే పరికరం

ఇది లేకుండా పైన రాసిన అంకెలన్నీ గాలి మాటలే. పెద్ద ప్రెస్సుల్లో ఇందుకోసమే తయారైన గేజీలు ఉంటాయి. చిన్న షాపుకి కార్ల పెయింట్ మందం కొలిచే గేజీ సరిపోతుంది. ఇనుము మీద పూతని అయస్కాంతంతో కొలుస్తుంది అది. ఒక మైక్రాన్ వరకూ చూపించే రకం తీసుకోండి. కింద పెట్టడానికి నున్నటి, బల్లపరుపు ఇనుప పలక ఒకటి కావాలి.

పలక మీద గేజీ పెట్టి సున్నా చేయండి. బిగించి, కడిగి ఆరబెట్టిన ఖాళీ మెష్‌ని పలక మీద ఆనించి, పైనుంచి గేజీ నొక్కి చదవండి. ఐదారు చోట్ల చదివి సగటు తీయండి. ఆ అంకెని ఫ్రేము చెక్క మీద పర్మనెంట్ మార్కరుతో రాసేయండి. పూత పూసి ఆరాక మళ్లీ అలాగే కొలవండి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మీకు కావాల్సిన మందం. బట్ట 130 ఉండి, పూశాక 152 వచ్చిందంటే మందం 22. కేటలాగులో రాసిన బట్ట మందం మీద ఆధారపడకండి, బిగించాక అది మారుతుంది. ఒకే తాను నుంచి కోసిన బట్ట అయినా బిగుతు వేరైతే అంకె వేరవుతుంది.

పూయడం

మెష్‌ని డీగ్రీజర్‌తో రుద్ది కడగండి. వేలి నూనె ఉన్న చోట ఎమల్షన్ పట్టదు, చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. ఫ్రేము బిగువు కూడా చూసుకోండి. సెంటీమీటరుకి 20 న్యూటన్ల కంటే వదులైతే ఎమల్షన్ పూసే ట్రే నొక్కినప్పుడు మెష్ నడుమ లోపలికి కుంగి, నడుమ ఒక మందం, పక్కల ఒక మందం పడుతుంది. బిగువు మీటరు లేకపోతే కనీసం తెలిసిన షాపులో బిగించిన మంచి ఫ్రేముని పక్కన పెట్టుకుని వేలితో నొక్కి పోల్చండి.

ఎమల్షన్ డబ్బా మీద ఘనపదార్థం శాతం ఎంత రాశాడో చదవండి. ఈ ఒక్క అంకె చాలామంది పట్టించుకోరు. 35 శాతం అంటే మీరు పూసిన తడి పూతలో 65 వంతులు నీరుగా ఎగిరిపోతుంది. ఎగిరిపోతూ ఎమల్షన్‌ని మెష్ కన్నాల్లోకి లాక్కుంటుంది, పరుపు కుట్టులా గుంటలు పడతాయి. 45, 50 శాతం రకమైతే అదే పనికి తక్కువ చేతులు చాలు, గుంటలూ తక్కువ. కాంతికి గట్టిపడేలా చేసే డయజో పొడి కలిపే రకం అయితే కలిపాక కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా కదపకుండా ఉంచండి. బుడగలు పైకి తేలి పగిలిపోవాలి.

మన ఊళ్లలో ఇప్పటికీ బైక్రోమేట్ కలిపిన కోటింగ్ వాడేవాళ్లున్నారు. చవక కాబట్టి వాడతారు, నాకు తెలుసు. అందులోని క్రోమియం చర్మానికి పుండ్లు చేస్తుంది, క్యాన్సర్ కారకం కూడా. ఉత్త చేతులతో కలిపి, ఆ కడిగిన నీళ్లు వీధి కాలవలో వదిలేయడం చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది. డయజోకో, కలపాల్సిన అవసరమే లేని ఫొటోపాలిమర్‌కో మారండి. మారలేని రోజున గ్లవుజులు లేకుండా మాత్రం ముట్టుకోవద్దు.

ఇక ట్రే. దానికి రెండు అంచులుంటాయి, ఒకటి పదునుగా, ఒకటి గుండ్రంగా. పదును అంచు పలచగా పూస్తుంది, గుండ్రం అంచు ఎక్కువ ఎమల్షన్ వదులుతుంది. కార్డుల పనికి పదునుది, టీషర్టు పనికి గుండ్రందీ పట్టుకోండి. ట్రేలో ఎమల్షన్ సగానికి పైన ఉండేలా చూసుకోండి. అడుగంటిపోతే చివరి ఫ్రేముల మీద పూత పలచబడుతుంది.

పసుపు లైటు కింద, ఫ్రేముని గోడకి కొంచెం వాల్చి పెట్టండి. ముందు ప్రింట్ వైపు. ట్రే అంచుని మెష్‌కి అడుగున ఆనించి వంచండి, ఎమల్షన్ అంచు పొడుగునా మెష్‌ని తాకేవరకు రెండు మూడు సెకన్లు ఆగండి. తర్వాత ఒకే ఒత్తిడితో, ఒకే వాలుతో, తొందర లేకుండా పైకి లాగండి. పైకి చేరాక ట్రేని వెనక్కి వాల్చి, ఎమల్షన్ లోపలికి జారాక తీయండి. ఇప్పుడు ఫ్రేము తిప్పి ఇంకు వైపు, అంటే ఇంకు పోసి స్క్వీజీ లాగే వైపు, అలాగే లాగండి. ఇది 1+1. కార్డులకి, హాఫ్‌టోన్‌కి ఇక్కడితో ఆపండి. టీషర్టుకి ఇంకు వైపే ఇంకొక చేయి, అది 1+2. ప్రతి చేతికీ ఫ్రేముని తలకిందులు చేస్తే పైన, కింద మందం సమానంగా వస్తుంది.

చివరి చేయి ఎప్పుడూ ఇంకు వైపే పడాలి. ఎందుకంటే ఆ చేయి ఎమల్షన్‌ని కన్నాల్లోంచి అవతలికి, ప్రింట్ వైపుకి తోస్తుంది. మనకి పూత కావాల్సింది అక్కడే. చివరి చేయి ప్రింట్ వైపు పడితే అదంతా ఇంకు వైపుకి పోయి, స్క్వీజీ కింద అరిగిపోవడం తప్ప దేనికీ ఉపయోగపడదు. ఎన్ని చేతులు పూశావు అని అడిగితే అంకె చెప్పేవాళ్లు, చివరిది ఏ వైపు అని అడిగితే ఆలోచనలో పడతారు. అంకె కంటే ఇదే ముఖ్యం.

ఆరబెట్టడం

ప్రింట్ వైపు నేలకి చూసేలా, బల్లపరుపుగా పెట్టి ఆరబెట్టండి. నిలబెట్టి ఆరబెడితే అడుగున మందం చేరుతుంది. తిరగేసి పెడితే పూత ఇంకు వైపుకి దిగిపోతుంది, పూసేటప్పుడు పడ్డ జాగ్రత్త అంతా వృథా.

వేడి 40 డిగ్రీలు దాటనీయకండి. వేడి కంటే పెద్ద చిక్కు తేమ. గదిలో తేమ 50 శాతం లోపు ఉండాలి. విశాఖపట్నంలోనో మచిలీపట్నంలోనో ఆషాఢ, శ్రావణాల్లో ఇది సహజంగా దొరకదు. ఫ్యాను పెడితే తేమ గాలే మళ్లీ మళ్లీ వచ్చి తగులుతుంది. ముట్టుకుంటే పైపొర ఆరినట్టే ఉంటుంది, లోపల మాత్రం నీరుంటుంది. పూత ఎంత మందమైతే లోపల దాగే నీరు అంత ఎక్కువ. ఆ నీరున్న చోట కాంతి పడినా ఎమల్షన్ సరిగ్గా గట్టిపడదు, కడగ్గానే జారిపోతుంది. ఎమల్షన్‌కి కాంతి చూపించే ఎక్స్‌పోజింగ్ లైటు పాడైందనుకుని ట్యూబులు మార్చినవాళ్లున్నారు, అసలు దోషం వాన గాలిది. చిన్న మూసిన గదిలో తేమ లాగే యంత్రం, గోడకి తేమ చూపించే మీటరు పెట్టుకోండి. అది పెట్టలేకపోతే వానాకాలంలో పలచటి పూతతో అయ్యే పనులే ఒప్పుకుని, స్క్రీన్లని రాత్రంతా ఆరనివ్వండి. తెలంగాణ వైపు ఎండాకాలం పనిచేసేవాళ్లకి ఈ బాధ చాలా తక్కువ.

కొలిచి, అవసరమైతే ముఖం పూత

ఆరాక గేజీతో కొలవండి. తర్వాత ప్రింట్ వైపు ట్యూబ్‌లైటు ప్రతిబింబం పడేలా వాలుగా పట్టుకుని చూడండి. ప్రతిబింబం అంచు తిన్నగా కనిపిస్తే పూత నున్నగా ఉంది. నేత గళ్లు కనబడుతూ వణికినట్టుంటే నీరు ఎగిరిపోయిన గుంటలు మిగిలాయి. మందం అంకె సరిగ్గా ఉన్నా ఈ గరుకు ఉంటే అంచు బాగా రాదు. గరుకు లోతు పూత మందం కంటే ఎక్కువైతే గుంటల్లోంచి ఇంకు పాకుతుంది, ముగ్గు అచ్చు కింద పిండి జారినట్టే.

దీనికి మందు ఇంకో రెండు తడి చేతులు కాదు. పూర్తిగా ఆరిన స్క్రీన్‌కి ప్రింట్ వైపు మాత్రమే, పదును అంచుతో, ఒక్క చేయి పూసి మళ్లీ ప్రింట్ వైపు కిందికి పెట్టి ఆరబెట్టండి. ఇదే ముఖం పూత. కొద్ది మైక్రాన్లే పెరుగుతాయి, గుంటలు మాత్రం బాగా పూడతాయి. ఆరిన పూత మీద పూసే చేయి కాబట్టి అది మెష్ లోపలికి పోదు, పైనే నిలుస్తుంది. సన్న అక్షరాల శుభలేఖలకి నేను 1+1 పూసి, ఆరాక ఒక ముఖం పూత వేస్తాను. టీషర్టు పనికి ఈ శ్రమ అక్కర్లేదు, బట్ట గరుకు ముందు ఇది కనబడదు.

చేతి పూత ఎంత ప్రయత్నించినా సమంగా రానివాళ్లు క్యాపిలరీ ఫిల్మ్ చూడొచ్చు. ఫ్యాక్టరీలోనే కొలిచి తయారైన పొర అది, తడి మెష్‌కి అతికిస్తే చాలు. ఖర్చు ఎక్కువ, కానీ ప్రతిసారీ ఒకే మందం, ఒకే నునుపు.

ఎక్స్‌పోజర్ మళ్లీ కట్టాలి

పూత మందం మార్చిన ప్రతిసారీ కాంతి సమయం మారుతుంది. కాంతి ప్రింట్ వైపు నుంచి లోపలికి వెళ్తుంది కాబట్టి సమయం చాలకపోతే ముందు గట్టిపడేది ప్రింట్ వైపు, మెత్తగా మిగిలిపోయేది ఇంకు వైపు. కడిగేటప్పుడు ఇంకు వైపు వేలితో రాస్తే జారుగా, జిగటగా తగులుతుంది. అదే గుర్తు. అలాంటి స్క్రీన్ పని మధ్యలో పిన్‌హోల్స్, అంటే సూది కన్నాలు, పడి ఊడిపోతుంది. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఆగుతుందన్న మాట ఇందుకే నిలవదు. పాత సమయానికే ఎక్స్‌పోజ్ చేసిన మందపు పూత, పూర్తిగా గట్టిపడ్డ పలచటి పూత కంటే ముందే పాడవుతుంది.

సమయం కనుక్కోవడానికి ఒక స్క్రీన్ కేటాయించండి. సన్న గీతలు, చిన్న అక్షరాలు ఉన్న పాజిటివ్ పెట్టి, నల్ల అట్టతో కప్పుతూ ఐదు పట్టీలుగా వేర్వేరు సమయాలు ఇవ్వండి. మీరు వాడే సమయం 2 నిమిషాలనుకుంటే 1, 1.5, 2, 3, 4 నిమిషాలు. డయజో ఎమల్షన్ అయితే రంగే చెబుతుంది. తక్కువ పడ్డ పట్టీలు పసుపు, గోధుమ చాయలో మిగులుతాయి, సమయం పెరిగేకొద్దీ ఆ చాయ తేలిపోతుంది. పక్కపక్క పట్టీల మధ్య తేడా ఎక్కడ ఆగిందో ఆ సమయమే మీది. ఆ సమయానికి సన్న గీతలు మూసుకుపోతున్నాయంటే సమయం తగ్గించకండి, పూత తగ్గించండి, లేదా మెష్ మార్చండి. తెల్ల మెష్ కాంతిని దారాల వెంట పక్కకి చెదరగొడుతుంది. పసుపు మెష్ అలా చేయదు, కాకపోతే దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల సమయం కావాలి. ముఖం పూత వేసిన స్క్రీన్‌కి ఈ పరీక్ష విడిగా చేయాలి.

పరీక్ష ప్రింటు చదవడం

పాజిటివ్‌లో అచ్చంగా మన అక్షరాలే పెట్టుకోండి. దిగుమతి చేసుకున్న పరీక్ష ఫిల్ముల్లో ఇంగ్లిషు అక్షరాలే ఉంటాయి, అవి మన చిక్కులు చూపించవు. నేను 6, 7, 8, 10 పాయింట్లలో "శ్రీ", "లక్ష్మి", "స్త్రీ", "ఘ", "ఋ", "ళ్ళ" పెట్టాను, పక్కన 0.15, 0.2, 0.3, 0.5 మిల్లీమీటర్ల గీతలు, ఒక్కోటి నిలువుగా, వాలుగా, గుండ్రంగా. 120 మెష్‌లో రెండు దారాలు, ఒక కన్నం కలిపితేనే దాదాపు 0.12 మిల్లీమీటర్లు కాబట్టి అంతకంటే సన్న గీత ఆశించవద్దు.

ఒకే ఫ్రేము మీద చిన్న ట్రేతో మూడు పట్టీలు పూయండి: 1+1, 1+2, 2+3. ఆరాక మూడూ కొలిచి, ప్రతి పట్టీకి దాని సమయం ఇచ్చి, ఒకే ఇంకుతో ఒకే కాగితం మీద వేయండి. భూతద్దం తీసుకుని చూస్తే ఇప్పటివరకు రాసినదంతా మీ కళ్లముందే ఉంటుంది.

వంపుల అంచున మెట్లు కనబడితే పూత చాలలేదు, లేదా గరుకుగా ఉంది. ముందు గేజీ చూసి, అంకె సరిగ్గా ఉంటే ముఖం పూత వేయండి. గీతలు మధ్యలో తెగుతూ, ఒత్తులు పూడుతూ ఉంటే పూత ఎక్కువైంది. పెద్ద అక్షరాల చుట్టూ వేలికి గట్టు తగిలినా అదే. హాఫ్‌టోన్‌లో లేత చుక్కలు ఎగిరిపోయి ముదురు చోట్లు బాగానే ఉంటే, చిన్న చుక్కల గుంటలోంచి ఇంకు దిగడం లేదు, మందం తగ్గించాలి. అంచు ఒకవైపు బాగుండి ఇంకోవైపు పాడైతే మందం సమస్య కాదు, ఫ్రేము వాలుగా ఆరింది లేదా ట్రే ఒత్తిడి ఒకవైపు ఎక్కువైంది. నీటి ఇంకులు వాడేవాళ్లకి ఒక్క మాట: లోతు గాడుల్లో నీటి ఇంకు త్వరగా ఆరి మూసుకుంటుంది, కాబట్టి మీ పనికి చెప్పిన అంకెల్లో తక్కువవైపే ఉండండి, ఎమల్షన్ మాత్రం నీటికి తట్టుకునే రకం ఎంచుకోండి.

నచ్చిన పట్టీ దొరికాక ఆ ప్రింటు కింద మెష్ నంబరు, దారం మందం, ఎమల్షన్ పేరు, ఎన్ని చేతులు, ఏ అంచు, కొలిచిన మైక్రాన్లు, ఎక్స్‌పోజర్ సమయం, ఆ రోజు గదిలో తేమ రాసి పూత పూసే చోట గోడకి అంటించండి. కొత్త డబ్బా తెరిచినప్పుడు, మెష్ తాను మార్చినప్పుడు, వానలు మొదలైనప్పుడు ఒక పరీక్ష స్క్రీన్ వేసి దాని పక్కన పెట్టి చూడండి.